అడుగు నీళ్ల రుచి

నీళ్లు ఎటు పోతాయో తెలుసుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ల సర్వీసు పట్టింది. డ్రైనేజీ ఇంజనీరుగా పనిచేసినవాడు ఈ మాట అనడం సిగ్గుచేటే. అయినా కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీలాంటివాళ్లు నాకంటే త్వరగా తెలుసుకుంటారని రాస్తున్నాను. చదివి నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

మాది పెదకాకాని దగ్గర పల్లె. మిరప, పత్తి తప్ప ఇంకో మాట లేని ఊరు. మా చేలల్లో నీళ్లకు ఒకటే దారి. వాన పడితే చేలోంచి బోదెలోకి, బోదెలోంచి వాగులోకి, వాగులోంచి ఎటో తూర్పుకి. అక్కడితో మా బాధ్యత తీరిపోయేది. ఆ తూర్పున కూడా మనుషులుంటారని, వాళ్లూ సేద్యం చేస్తారని నేను గట్టిగా ఆలోచించింది రిటైరవడానికి మూడేళ్ల ముందు, నన్ను తీసుకెళ్లి అక్కడే డీఈగా వేసినప్పుడు.

వేటపాలెం నుంచి జీపులో ముప్పావు గంట ప్రయాణం. ఏ డ్రైనో, ఏ లాకులో పేరు చెప్పను. డ్రైను, అంటే పొలాల మురుగుకాలువ, సముద్రంలో కలిసే చోటుని అక్కడివాళ్లు మొగ అంటారు. మొగకి ఎనిమిది కిలోమీటర్లు ఎగువన ఆరు షట్టర్ల రెగ్యులేటర్ ఉంది. దాన్నే జనం లాకులంటారు. దాని పని రెండు ముక్కల్లో చెప్పేస్తాను, అంతకన్నా విసిగించను. సముద్రం రోజుకి రెండుసార్లు పొంగుతుంది, అది పోటు. రెండుసార్లు తీస్తుంది, అది పాటు. పోటులో ఉప్పునీళ్లు డ్రైనులోకి ఎగదన్నుతాయి కాబట్టి షట్టర్లు దించి ఉండాలి. పాటులో దిగువ నీళ్లు తగ్గుతాయి కాబట్టి అప్పుడు ఎత్తితే పై పొలాల నీళ్లు సముద్రానికి పోతాయి. వేళ తప్పి ఎత్తితే ఉప్పు లోపలికి వస్తుంది. లాకులకి ఎగువనున్న రైతులు ఆ డ్రైను నీళ్లే ఇంజన్లతో తోడుకుని నారు పోసుకుంటారు. కాలువ చివరి భూములు కదా, కాలువ నీళ్లు వాళ్లదాకా వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

ఆ లాకుల మీద ఒక లస్కరు ఉండేవాడు. షట్టర్లు ఎత్తడం, దించడం, గేర్లకి గ్రీజు పెట్టడం, అడ్డంపడిన గుర్రపుడెక్క లాగడం అన్నీ ఆయనే. నాకంటే ఏడాది చిన్న. చూస్తే పదేళ్లు పెద్దవాడిలా ఉండేవాడు. ఆయన దగ్గర ఒక గాజు సీసా ఉండేది. సీసా మెడకి ఒక తాడు, కింద బరువుకి ఒక రాయి, బెండు బిరడాకి ఇంకో సన్నతాడు. షట్టర్లకి దిగువన సీసాని అడుగుదాకా దింపి, సన్నతాడు గుంజేవాడు. బిరడా ఊడిపోయి అడుగున ఉన్న నీళ్లే సీసాలోకి వచ్చేవి. పైకి లాగి, ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, ఉమ్మేసి, అప్పుడు షట్టరు ఎత్తొచ్చో లేదో తేల్చేవాడు.

మొదటిసారి అది చూసినప్పుడు నాకు నవ్వాగలేదు.

"మురుగునీళ్లు నోట్లో పోసుకుంటావేంటయ్యా? జబ్బు చేస్తే?"

"ముప్ఫై ఏళ్లనించి చెయ్యలేదండి."

"లోపల మట్టం, బయట మట్టం చూడటానికి గేజీలు పెట్టాంగా. అవి చాలవా?"

"పైన నీళ్లు ఒకటి చెప్తయ్యండి, అడుగు నీళ్లు ఇంకోటి చెప్తయ్యి. ఉప్పునీళ్లు బరువు గదండీ, అడుగున దాక్కుంటయ్యి. షట్టరేమో కిందనించి లేచుద్ది. ముందు లోపలికొచ్చేయి ఆ అడుగు నీళ్లేగా."

మొత్తం పాఠమంతా ఆ నాలుగు మాటల్లోనే ఉంది. నేను తల ఊపి, గేటు గది గోడమీద సున్నం పెచ్చులూడిపోతోందని, వెల్ల వేయించాలని చెప్పి జీపెక్కాను.

నాకు అప్పట్లో కాగితం మీద మహా నమ్మకం. ఫోన్‌లో ఆటుపోట్ల వేళలు చెప్పే యాప్ ఒకటి దొరికింది. మా తీరం వేళలన్నీ అందులోంచి దించి, మూడు సాయంత్రాలు కూర్చుని ఏడాదికి సరిపడా టైమ్‌టేబుల్ తయారుచేశాను. ఏ తేదీన ఎన్ని గంటలకు ఎత్తాలి, ఎన్నింటికి దించాలి, అన్నీ గళ్లు గీసి రాశాను. కింద నా సంతకం, స్టాంపు. దానికి ల్యామినేషన్ కూడా చేయించి, కొత్తగా వెల్ల వేసిన గోడకి నా చేత్తో నేనే అంటించాను. రైతులతో మీటింగు పెట్టి, మీరూ ఈ యాప్ పెట్టుకోండి, ఇక ఎవర్నీ అడగక్కర్లేదు అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. చప్పట్లు కొట్టారు. లస్కరు వెనకాల స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన కొట్టాడో లేదో నేను చూడలేదు.

వేసవంతా డ్రైనులో నీళ్లే లేవు. షట్టర్లు ఎత్తే పనే పడలేదు. అందుకని నా టైమ్‌టేబుల్ తప్పని ఎవరూ కనిపెట్టలేదు. నేనైతే అది బ్రహ్మాండంగా నడుస్తోందనే అనుకున్నాను.

తొలకరి వానలు పడి నార్లు పోసే రోజులొచ్చాయి. ఎగువ నుంచి గుర్రపుడెక్క కొట్టుకొచ్చి లాకుల దగ్గర పేరుకుంది. షట్టర్లెత్తి దాన్ని సముద్రంలోకి వదలాలి. ఆ పొద్దున నేను ఇడ్లీ తింటుంటే లస్కరు దగ్గర్నుంచి ఫోను.

"సార్, కాగితం ప్రకారం ఏడున్నరకి ఎత్తాలండి. రుచి చూశాను, ఉప్పు కషాయమండి. తొమ్మిదిదాకా ఆగుదామా?"

నాకు కోపం ముక్కు మీదుంటుంది, ముఖ్యంగా తింటున్నప్పుడు. "కాగితంలో ఎంతుంది?" అన్నాను.

"ఏడున్నరండి."

"మరింకేం?"

"అట్నేండి," అని పెట్టేశాడు. నేను ఇంకో రెండిడ్లీలు వేయించుకున్నాను.

లాకులకి కాస్త ఎగువన ఒకావిడ నాలుగెకరాలు కౌలుకి చేసేది. నలభై ఏళ్లుంటాయి. భర్త పెయింటింగ్ పనికి పోతాడు, సేద్యమంతా ఆవిడదే. సరిగ్గా ఆ పొద్దునే ఎనిమిదింటికి ఇంజను వేసి నారుమడికి నీళ్లు పెట్టుకుంది. నాలుగోరోజు మా ఆఫీసుకొచ్చింది. తువ్వాలులో చుట్టిన నారు కట్టని నా బల్లమీద విప్పి పెట్టింది. కొసలన్నీ మాడి గోధుమ రంగు తిరిగాయి. వేళ్లకి ఇంకా మట్టి ఉంది.

"ఇదిగో సార్, చూడండి. మీ లస్కరు బాబాయి పడుకుని నిద్రపోయినట్టున్నాడు. ఉప్పునీళ్లు లోపలికొదిలాడు. నా నారంతా మాడిపోయింది. ఇప్పుడు మళ్లీ యిత్తనాలు తెచ్చి పొయ్యాలంటే నెల ఆలస్యం. ఆ నెల ఎవరిస్తారు నాకు?"

ఎవరు వదిలారో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. "విచారిస్తానమ్మా," అన్నాను. అంతకన్నా పిరికి మాట నేను సర్వీసులో ఇంకొకటి అనలేదు. ఆవిడ పైకి కూడా ఫిర్యాదు పెట్టినట్టుంది, సాయంత్రానికి మా పై అధికారి ఈఈ గారు రిపోర్టు పంపమన్నారు. క్షేత్రస్థాయి సిబ్బంది అజాగ్రత్త వల్ల జరిగింది అని రాసి పంపాను. క్షేత్రస్థాయి సిబ్బంది అంటే అక్కడున్నది ఒక్కడే మనిషి. ఆ ఒక్కడికీ మెమో ఇమ్మని ఆర్డరొచ్చింది. ఇచ్చింది కూడా నేనే.

లస్కరు ఆ మెమో రెండుసార్లు చదివాడు. ఒకసారి గోడమీద నా టైమ్‌టేబుల్ వైపు చూశాడు. తిడతాడేమో, కనీసం అడుగుతాడేమో అని నేను సిద్ధంగా ఉన్నాను. నా దగ్గర సమాధానం కూడా తయారుగా ఉంది.

"ఎక్కడ పెట్టాలండీ సంతకం?" అన్నాడు.

చూపించాను. పెట్టాడు. నా సమాధానం నా దగ్గరే ఉండిపోయింది.

ఒక నెల పోయాక ఆయనే అడిగాడు, "సార్, ఒక పూట ఖాళీ చేసుకుని మొగకి వస్తారా? మీకు పోటు చూపిస్తా." మెమో సంగతి ఎత్తుతాడేమో అని బిక్కుబిక్కుమంటూనే వెళ్లాను. ఆయన మోపెడ్ మీద వెనక కూర్చున్నాను. మొగ దగ్గర ఇసకలో దిగి, నీటి అంచున ఒక సరుగుడు పుల్ల గుచ్చాడు. నీళ్లు దాన్ని దాటితే తీసి ఇంకాస్త పైన గుచ్చేవాడు. అలా నాలుగైదుసార్లయ్యాక నీళ్లు ఇక పుల్లని దాటలేదు.

"ఇప్పుడు మీ ఫోను చూడండి."

చూశాను. పోటు నిండే వేళ సరిగ్గా అదే. నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. "చూశావా," అన్నాను.

"ఫోను అబద్ధం చెప్పదండి. పదండి."

గట్టు వెంబడే రెండు కిలోమీటర్లు ఎగువకి తీసుకెళ్లి మళ్లీ పుల్ల గుచ్చాడు. అక్కడ నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి. అక్కడ అవి నిలబడేదాకా కూర్చున్నాం. ఆయన తెచ్చిన వేరుశనక్కాయలు తిన్నాం. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్తే అక్కడా ఇంకా ఎక్కుతున్నాయి. చివరికి లాకుల దగ్గరికొచ్చేసరికి సముద్రంలో పాటు పట్టి గంట దాటిపోయింది. ఇక్కడేమో నీళ్లు ఇంకా మెల్లగా పైకి పాకుతూనే ఉన్నాయి. అవి నిలబడ్డాక చూస్తే, మొగలో పాటు పట్టినప్పటి నుంచి గంటన్నర.

"సముద్రం కాడ బయల్దేరిన పోటు ఇక్కడిదాకా నడిచి రావొద్దా అండీ? మనకంటే బండి ఉంది, దానికేముంది?"

అంతే. నా మూడు సాయంత్రాల లెక్కలో లేనిది ఆ నడక. నేను సముద్రం గడియారం తెచ్చి ఎనిమిది కిలోమీటర్ల అవతలి గోడకి అంటించాను. దానికి తోడు అమావాస్య పోటు వేరు, అష్టమి పోటు వేరని, వాన పడినప్పుడు వేరు, తూర్పుగాలి తోసినప్పుడు వేరని, రోజుకి రెండు ఘడియల చొప్పున వెనక్కి జరుగుతుందని ఆయన చెప్పుకుంటూ పోయాడు. లాకులకి దిగువన ఒక చిన్న డ్రైను వచ్చి కలుస్తుందని, పాటు గట్టిగా పట్టాకే దాని మంచినీళ్లు అడుగుదాకా చేరతాయని, అప్పుడు నోటికి తెలిసిపోతుందని కూడా చెప్పాడు. ఇవన్నీ ఏ కాగితంలో పడతాయి? ఆ సాయంత్రమే ల్యామినేషన్ కాగితం గోడమీంచి పీకేశాను.

కాగితం పీకడం తేలిక. రిపోర్టు వెనక్కి తీసుకోవడం కష్టం. అది పై ఆఫీసు ఫైల్లో ఉంది. నేనేమో రెండేళ్లలో రిటైరయ్యేవాణ్ని. రేపు రాద్దాం, వచ్చేవారం రాద్దాం అనుకుంటూ ఐదు నెలలు గడిపాను. ఆ ఐదు నెలలూ ఊళ్లో అందరూ లస్కరు నిద్రపోయాడనే అనుకున్నారు. ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆయన చెప్పకపోవడం నాకు సౌకర్యంగా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ సౌకర్యమే ఎక్కువ సిగ్గనిపిస్తుంది.

డిసెంబరులో తుపాను పట్టుకుంది. రెండు రోజులు ఒకటే వాన. మూడోరోజు తెల్లారేసరికి నేను లాకుల వంతెన మీదున్నాను. లోపల నీళ్లు గట్ల అంచులదాకా వచ్చేశాయి. చేలన్నీ ఒకటే తెల్లటి నీళ్లు. సగంమంది కోతలు కోసి పనలు చేలోనే పరిచి ఉంచారు, అవి తేలుతున్నాయి. కౌలుచేసే ఆవిడ చేను మాత్రం ఇంకా పాలు పోసుకునే దశలో, కంకుల కొసలు మాత్రం పైకి తేలి నిలబడి ఉంది. నెల ఆలస్యంగా నాటింది కదా. నారు మాడకపోయుంటే అప్పటికి ఆ చేను కోసి కుప్ప వేసి ఉండేది. ఆ సంగతి తెలిసినవాణ్ని కాబట్టి నేను అటు ఎక్కువసేపు చూడలేకపోయాను.

అప్పుడే మా అన్నయ్య ఫోన్ చేశాడు. "ఒరేయ్, రాత్రే గట్లు తెంపి మిరప చేలో నీళ్లన్నీ వాగులోకి వదిలేశాంరా. బతికిపోయాం," అన్నాడు. సంతోషం అన్నాను. వాళ్లు వదిలించుకుని బతికిపోయిన నీళ్లన్నీ నా కాళ్ల కింద ఆగి ఉన్నాయి.

తొమ్మిదిన్నర అయ్యేసరికి వంతెన మీద యాభైమందిదాకా చేరారు. ఆ రోజు అమావాస్య. పోటు పెద్దది. లోపల మట్టం, బయట మట్టం చూడటానికి దాదాపు సమానంగా ఉన్నాయి. ఒకాయన ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"సార్, చూడండి. తొమ్మిదింటికే పాటు మొదలైంది. అరగంట దాటిపోయింది. ఇంకా ఎత్తరేంటి?"

అది నేను మీటింగు పెట్టి ఎక్కించిన యాపే.

లస్కరు సీసా పైకి లాగి, రుచి చూసి, ఉమ్మి, తల అడ్డంగా ఊపాడు. "ఇంకా ఉప్పేనండి. పదకొండు అవుద్ది. ఇప్పుడెత్తితే సముద్రం లోపలికొచ్చుద్ది."

"నీ మాట విని ఆగితే ఆవిడ నారుకి పట్టిన గతే మా చేలకి పట్టుద్ది," అన్నాడు ఆ ఫోనాయన. "నిద్రపోయేవాడివి, నువ్వు చెప్పొచ్చావా?"

ఇంతలో ఈఈ గారి ఫోను. "ఏంటండీ, ఊరంతా నాకే ఫోన్లు చేస్తున్నారు. షట్టర్లు ఎత్తేయండి."

"గంటన్నర ఆగాలండి. అడుగున ఉప్పుంది."

"ఎవరు చెప్పారు?"

"లస్కరండి."

"మీరు మెమో ఇచ్చిన లస్కరేనా?"

నేను జీవితంలో విన్న ప్రశ్నల్లో అది చాలా చిన్నది. ఆ లాకుల మీద నీళ్ల సంగతి తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడి మాటా చెల్లకుండా చేసింది నేను. ఇప్పుడు ఆయన మాట చెల్లకపోతే అన్ని చేలూ పోతాయి. ముందు పోయేది ఆవిడ చేను. రెండోసారి కూడా నా మూలంగానే.

"ఆయనేనండి. ఒక్క ఐదు నిమిషాల్లో మళ్లీ చేస్తాను," అని ఫోన్ పెట్టేశాను. మా ఈఈ గారి ఫోన్ నేను పెట్టేయడం అదే మొదలు, అదే ఆఖరు.

వంతెన పిట్టగోడ మీదకెక్కి నిలబడ్డాను. గొంతు ఎలాగూ పెద్దదే నాకు. "ఒక్క మాట వినండి. ఆ రోజు లస్కరు నిద్రపోలేదు. నాకు ఫోన్ చేసి, ఉప్పుంది, ఆగుదాం సార్ అన్నాడు. ఎత్తమన్నది నేను. నా టైమ్‌టేబుల్ తప్పు. రిపోర్టులో ఆయన మీద తోసి రాసింది కూడా నేనే. ఆ రోజు ఆయన మాట విని ఉంటే ఆవిడ నారు మాడేది కాదు. ఇవాళ ఆయన మాట వింటాను. మీరూ వినండి."

గొడుగుల మీద వాన పడుతూనే ఉంది. నేను ఇంకెవర్నీ చూడకుండా ఆవిడ కోసం వెతికాను. ఆవిడ వరసలో ముందే ఉంది, నెత్తిమీద ఎరువుల సంచి కప్పుకుని. నా వైపు కాకుండా లస్కరు వైపు చూస్తోంది.

"ఐదు నెలలనించి నిన్ను తిట్టుకుంటా ఉన్నాను బాబాయ్. కనపడితే మొహం తిప్పుకుని పోయాను. నువ్వెందుకు చెప్పలేదు?"

"చెప్తే నీ నారు లేచి నిలబడుద్దా అమ్మా?" అన్నాడాయన. "పైగా సారు ఆ తర్వాత నాతో మొగదాకా వచ్చారు. నేర్చుకునేవాళ్ల మీద ఏం చెప్తాం."

అప్పుడు ఆవిడ నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాల్సిందే. లస్కరు చేతిలోంచి సీసా తీసుకుని నాకిచ్చింది.

"మీరు తాగి చూడండి సార్. ఎప్పుడన్నా చూశారా అసలు?"

చూడలేదు. తొమ్మిది నెలలుగా ఆ లాకుల మీద పెత్తనం చేస్తూ ఆ నీళ్లు ఒక్కసారి కూడా నాలిక్కి తగలనివ్వలేదు. ఒక గుక్క పోసుకున్నాను. ఉప్పు, దాని వెనక బురద వాసన, పుల్లటి గుర్రపుడెక్క. కళ్లలో నీళ్లొచ్చాయి, కొంత ఉప్పుకి, కొంత ఇంకోదానికి. ఉమ్మేసి, "ఉప్పే," అన్నాను.

"నాకివ్వండి," అని ఆవిడా చూసింది. తర్వాత ఫోనాయన చూశాడు. "ఒరేయ్, ఉప్పేరా," అని వెనకవాళ్లకి అందించాడు. ఒక్కొక్కడూ మొహం వికారంగా పెట్టి వంతెన మీంచి ఉమ్మడమే. ఈఈ గారికి ఫోన్ చేసి, "రైతులే ఆగమంటున్నారండి," అని చెప్పాను. అది అబద్ధం కాదు. ఆ నారు సంగతి కూడా రాతపూర్వకంగా పంపుతానన్నాను. ఏ నారని ఆయన అడగలేదు, ఆయనకి అర్థమైపోయింది.

పావుగంటకోసారి సీసా దించాం. పదిన్నరకి కాస్త తగ్గింది. పదిమంది ఎత్తేద్దామన్నారు. లస్కరు సీసా నా చేతికిచ్చి, "మీరు చెప్పండి సార్," అన్నాడు. చూశాను. నాలుక కొసన ఇంకా చురుక్కుమంటోంది. "ఇంకొక్కసారి చూద్దాం," అన్నాను. ఆయన మొహం కాస్త తేటపడింది. పదకొండుకి ఐదు నిమిషాలుందనగా ఆవిడ రుచి చూసి కళ్లు తెరిచింది.

"చప్పగా ఉంది బాబాయ్."

నేను చూశాను. చప్పగానే ఉంది. లస్కరు చూశాడు. ఇంకెవరికీ ఇవ్వకుండా మిగతా నీళ్లు పారబోసి, "పట్టండి," అన్నాడు. ఆరు షట్టర్ల హ్యాండిళ్లకి ఆరు జట్లు. నిద్రపోయేవాడివని తిట్టినాయనే మొదటి హ్యాండిలు పట్టాడు. షట్టర్లు లేస్తుంటే కింద నీళ్లు మొదట బుడబుడమని, తర్వాత ఒక్కసారిగా హోరుమని సముద్రం వైపు పోయాయి. గుర్రపుడెక్క తెట్టెలు తెట్టెలుగా కొట్టుకుపోయింది. వాళ్ల నీళ్లు, మా అన్నయ్య వాళ్ల మిరప చేల నీళ్లు, అన్నీ కలిసే పోయాయి. సాయంత్రం పోటు మళ్లీ ఎగదన్నేదాకా వదిలి, దించేశాం. మర్నాడు మళ్లీ అలాగే. మూడోరోజుకి గట్లు బయటపడ్డాయి.

ఆవిడ చేను మొత్తం దక్కిందని చెప్పను. పల్లం వైపు ఎకరం పడిపోయి కుళ్లిపోయింది. మిగతా మూడెకరాలు నిలబడ్డాయి. ఉప్పు తగిలి ఉంటే అవీ ఉండేవి కావని ఆవిడే అంది.

ఆ వారంలో ఈఈ గారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. ఆయన పిలిచి, "ఇంకో రెండేళ్లలో రిటైరయ్యేవారు, ఇప్పుడిదంతా ఎందుకండీ?" అన్నారు. కానీ ఫైలు ఆపలేదు. అందుకు ఆయనకి ఇప్పటికీ దణ్ణం పెడతాను. నాకూ ఒక మెమో వచ్చింది. లస్కరు మెమో రద్దయింది. ఆ రద్దు కాగితం నేనే పట్టుకెళ్లి ఇచ్చాను. రెండుసార్లు చదివాడు.

"ఎక్కడ పెట్టాలండీ సంతకం?" అన్నాడు, అదే గొంతుతో.

"ఇక్కడ పెట్టండి," అన్నాను. ఆయన్ని నేను అండీ అని పిలవడం అప్పుడు మొదలైంది.

లాకుల రిజిస్టరులో తేదీ, వేళ, మట్టం తర్వాత ఇంకో గడి గీయించాను. దానిపైన రుచి అని రాయించాను. తనిఖీకి వచ్చిన ఒక పెద్దాయన, ఇదేం కొలత, దీనికి యూనిట్ ఏంటి అని అడిగారు. నాలుకండీ అన్నాను. ఆయన నవ్వలేదు గానీ కొట్టేయలేదు కూడా. ఈ మధ్య వెళ్లి చూస్తే ఆ గడి ఇంకా ఉంది. మీలో ఎవరికైనా అలాంటి లాకులు అప్పగిస్తే, ఫోన్ చూడండి, గేజీ చూడండి, తప్పేం లేదు. ఆ తర్వాత అక్కడ ఎన్నో ఏళ్లుగా నిలబడ్డ మనిషిని అడగండి. ఆయన ఆగమంటే ఇడ్లీ పక్కన పెట్టి ఆగండి.

మరుసటి ఏడు నార్లు పోసే రోజుల్లో ఒక పొద్దున నా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"సార్, నేను. కౌలు చేస్తానే, నేను. లాకుల మీదున్నాను. చప్పగా ఉన్నాయి, ఇంజను వేస్తున్నా."

"నాకెందుకమ్మా చెప్పడం, బాబాయి ఉన్నాడుగా అక్కడ," అన్నాను.

"ఆయనా చూశాడు. మీరు కూడా ఉన్నారుగా మరి," అని పెట్టేసింది.

నేను రిటైరై నాలుగేళ్లయింది. లస్కరూ రిటైరయ్యాడు. ఆవిడ ఇప్పటికీ ఏటా నారు పోసేముందు లాకుల మీద నుంచి ఫోన్ చేస్తుంది. తొలకరి మొదలైతే ఫోన్ దగ్గర పెట్టుకునే టిఫిన్‌కి కూర్చుంటాను.